నీళ్ల గడిలో సున్నా

1988లో నేను దేవరకొండకు అవతల ఒక ఊరి బడిలో సైన్స్ టీచర్‌ని. నందికొండ డ్యాము దగ్గర ఆగిన కృష్ణ నీళ్లు కాలువల్లో ఎక్కడెక్కడికో పోయేవి గాని మా మెట్టకు ఎక్కేవి కావు. తాగడానికి ఊరి నడుమ ఒక బోరింగు, అంటే చేతిపంపు, ఊరి చివర ఒక పాత చేదబావి ఉండేవి. ఆ బావిని నేనే కాపాడానని చాలామంది అనుకుంటారు. అందుకు నాకు శాలువా కూడా కప్పారు. నిజానికి దాన్ని పూడ్చమని అర్జీ రాసింది నేనే.

అప్పట్లో వారానికొక ‘వర్క్ ఎక్స్‌పీరియన్స్’ పీరియడ్ ఉండేది. పుస్తకం పక్కన పెట్టి పిల్లలకు చేతిపని నేర్పే పీరియడ్ అది. చాలామంది టీచర్లు అందులో లెక్కలు చెప్పుకునేవారు. నేను మాత్రం పరిసరాలను ఎలా చూసుకోవాలో నేర్పాలనుకున్నాను. ఏడో తరగతి గోడకు పెద్ద చార్ట్ అంటించి, పిల్లల పేర్ల ఎదురుగా గోళ్లు, పళ్లు, చెత్త, నీళ్లు అని నాలుగు గడులు గీశాను. ప్రతి శనివారం ఒక్కో గడికి పది మార్కులు.

బోరింగు నీళ్లు తాగినవాళ్లకు నీళ్ల గడిలో పది, చేదబావి నీళ్లు తాగినవాళ్లకు సున్నా. బావుల వల్ల నారికురుపు, అంటే కాల్లోంచి దారంలాంటి పురుగు బయటికొచ్చే రోగం, వస్తుందని ట్రైనింగులో విన్నాను. వాళ్లు చెప్పింది మెట్లు దిగి, కాళ్లు తడుపుకుంటూ నీళ్లు ముంచుకునే దిగుడు బావుల గురించి. గట్టు మీంచే తాడుతో తోడుకునే చేదబావిలో ఎవరూ కాలు పెట్టరు. ఆ తేడా నేను పట్టించుకోలేదు.

పళ్ల గడిలో సగానికి పైగా పిల్లలకు సున్నాలే. పళ్ల మీద పసుపు చారలు, గోధుమరంగు మచ్చలు. తోముకోవడం లేదని తిట్టి ఇటుక పొడితో రుద్దించాను. చిగుళ్లలో రక్తం వచ్చింది గాని మచ్చ పోలేదు. ‘ఇంకా రుద్దు’ అన్నాను. ఈ ఒక్క మాట రాయడానికే నాకు ఇన్నేళ్లు పట్టింది.

రజియా ఆ తరగతి పిల్లే. ఊరి చివర, బావి పక్క వాడకట్టులో, బొంతలు కుట్టే అమ్మమ్మ హుసేన్‌బీ దగ్గర పెరుగుతుండేది.

“ఏ నీళ్లు తాగినవ్?” అని అడిగాను ఒక శనివారం.

“చేదబాయి నీళ్లు సార్.”

పక్కనున్న పిల్ల మోచేత్తో పొడిచి, “బోరింగని చెప్పరాదే, పది పడ్తయి” అంది.

“తాగనియి తాగిన్నని ఎట్ల చెప్పాలె?” అంది రజియా, నాకు వినపడేలాగే.

నచ్చజెప్పుదామని వాళ్లింటికి వెళ్లాను. హుసేన్‌బీ సూది బొంతకు గుచ్చి, చెంబుతో నీళ్లిచ్చింది. నేను ముట్టుకోలేదు. ఆమె నవ్వింది.

“తాగు సారూ, ఏం గాదు. నా పెండ్లయినకాడి సంది తాగుతున్న. నారు లేస్తే బడికే అచ్చి సూపిస్త తియ్యి. బోరింగు నీళ్లల్ల పప్పు ఉడకది బిడ్డా. పప్పుకు పనికిరానియి పోరలకు పనికొస్తయా?”

చదువురాని ముసలామె మాట అనుకున్నాను. తిరిగొచ్చి, బావి పూడ్చాలని పంచాయతీకి అర్జీ రాసి పిల్లలందరితో సంతకాలు పెట్టించాను. రజియా పెట్టలేదు.

“పూడిస్తే మేమేం తాగాలె సార్?”

మరుసటి సోమవారం నాడు ట్రాక్టర్‌తో మట్టి పోయించాలని సర్పంచ్ నిర్ణయించాడు. అదే వారం ఇన్‌స్పెక్షన్ ఉంది. సంతకం పెట్టనందుకు శిక్షగా, మాసిపోయిన చార్ట్ మొత్తాన్ని కొత్త డ్రాయింగ్ షీటు మీద ఎక్కించమని రజియాకే చెప్పాను. శుక్రవారం సాయంత్రం ఆ షీటు పట్టుకొని స్టాఫ్ రూముకు వచ్చింది.

“సార్, గీ రెండు గడులు జర సూడున్రి. పళ్లకాడ సున్న ఉన్నోళ్లకు నీళ్లకాడ పది. పళ్లకాడ పది ఉన్నోళ్లకు నీళ్లకాడ సున్న. గిట్లెందుకుంది సార్?”

“మీ వాడకట్టోళ్లు మంచిగ తోముతరేమో” అన్నాను తల ఎత్తకుండానే.

“లే సార్. మేం బొగ్గుతోని తోముతం. సర్పంచ్ బిడ్డ పేస్టుతోని తోముతది. ఆమెకు గూడ సున్ననే.”

అప్పుడు తల ఎత్తాను. ఫ్లోరైడ్ గురించి నేను చదివే ఉన్నాను. బోరింగు దిగే లోతుల్లోని రాతి నుంచి నీళ్లలోకి దిగే ఆ పదార్థం ఎక్కువైతే, ఎదిగే పిల్లల పళ్లపై మచ్చలు పడతాయి. తరవాత ఎముకలు వంగుతాయి. తోమితే పోయే మురికి కాదది. ఏడాదిగా ఆ చార్ట్ నింపుతున్న నాకు కనపడనిది, దాన్ని ఒక్కసారి ఎత్తి రాసిన పిల్లకు కనపడింది.

శనివారం సెలవు పెట్టి, బోరింగు నీళ్లు ఒక సీసాలో, బావి నీళ్లు మరో సీసాలో ‘సాంపిల్’గా, అంటే పరీక్షకిచ్చే నమూనాగా, నల్లగొండ తీసుకెళ్లాను. రిపోర్టుకు వారం పడుతుందన్నారు. ట్రాక్టర్‌కు రెండు రోజులే గడువు.

సర్పంచ్ నన్ను ఎగాదిగా చూశాడు. “పూడ్వమన్నది నువ్వే, ఆపమంటున్నది నువ్వేనా సారూ? నీ మాటకు ఒక జాగా లేదా?”

నాదే తప్పు, రజియా పట్టుకుంది అని చెప్పాల్సిన చోటు అదే. “పైనుంచి టెస్టు చేయించమన్నరు” అని అబద్ధమాడాను. ఆయన వారం ఆగాడు. బోరింగు తాగడానికి పనికిరాదని, బావి నీళ్లు మంచివని రిపోర్టు వచ్చింది.

ఆ ఎండాకాలం పిల్లలు పెద్దలతో కలిసి బావి పూడిక తీయించారు. బోరింగుకు ఎర్ర రంగు పూసి, దాని నీళ్లు బట్టలకు, తానాలకు అన్నారు. అక్కడ పారే నీటిని కాలువ తీసి బడి చెట్లకు మళ్లించారు. బావి ఊరందరికీ సరిపోవాలి కదా, అందుకే హుసేన్‌బీ గట్టు మీద కాపలా కూర్చుంది. “ఇంటికి రెండు బిందెలు. తాగెతందుకే! తానం జేస్తే బొక్కెన గుంజుకుంట!” అని అరిచేది. నా వర్క్ ఎక్స్‌పీరియన్స్ పీరియడ్లన్నిటికంటే పిల్లలు ఆ గట్టు దగ్గరే ఎక్కువ నేర్చుకున్నారు.

తరవాత మండలంలో నాకు సన్మానం చేశారు. “ఒకరోజు చార్ట్ చూస్తుంటే నాకు తట్టింది” అని మైకులో చెప్పాను. ముందు వరుసలో కూర్చున్న రజియా అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

ఎనిమిదేళ్ల తరవాత దేవరకొండ బస్టాండులో కనపడింది. టీచర్ ట్రైనింగు చేస్తోందట. అమ్మమ్మ ఎలా ఉందని అడిగాను.

“మంచిగుంది సార్. ‘నా బాయి పూడ్వనొచ్చిన సారు’ అని మిమ్ముల యాది జేస్తది.” బస్సు మెట్టెక్కి, వెనక్కి తిరిగి నవ్వింది. “నా నీళ్ల మార్కులు దిద్దిన్రా సార్, లేదా?”

బస్సు కదిలిపోయింది.

పిల్లలకు పర్యావరణం చెప్పబోయే కొత్త టీచర్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మార్కులు వేసే ముందు వాళ్లింటికి వెళ్లండి, ఇచ్చిన నీళ్లు తాగండి, ఆ నీళ్లే ఎందుకు తాగుతున్నారో అడగండి.

ఆ చార్ట్ ఇంకా నా దగ్గరే ఉంది. తన పేరు ఎదురుగా ఆ సున్నాను రజియా తన చేత్తోనే గుండ్రంగా రాసుకుంది. నిన్న దాన్ని కొట్టేసి పది వేశాను. అడుగున ‘తయారు చేసినవారు’ అన్నచోట నా పేరుంది. అదీ కొట్టేసి రజియా పేరు రాశాను.