నైరుతి మూలన రుబ్బురోలు

పోయిన వారం మా అన్న ఇంటికి రంగులు వేయడానికి వచ్చిన మేస్త్రీ మేడమీది గదిలోకి వెళ్లి, వెళ్లినంత వేగంగానే బయటికి వచ్చాడు. "సార్, సిన్మా జూసే రూముల రుబ్బురోలెందుకు?" అన్నాడు. నిజమే. గదిలో తెర ఉంది, గోడలకు మందపాటి గుడ్డ ఉంది, సోఫా ఉంది, నైరుతి మూలన మాత్రం నల్లరాతి రోలు కూర్చుని ఉంది. "సౌండ్ కోసం" అన్నాను. అతను నమ్మలేదు కానీ అది అబద్ధం కాదు.

మా వదిన పుట్టిల్లు కాశిబుగ్గలో పవర్‌లూమ్‌ల ఇల్లు. ఆ చప్పుడులోనే పెరిగింది, వయసు మీద పడుతుంటే చెవులు మందగించాయి. సినిమా అంటే ఆమెకు ప్రాణం. అదీ ఊరికే చూడదు, తెరమీది వాళ్లు ఏమడిగినా జవాబిస్తుంది. "వాడు దొంగ బిడ్డా, వానెంట పోకు" అని హాల్లో గట్టిగా అంటే ముందు వరుసవాళ్లు తిరిగి చూసేవారు. అలాంటి మనిషి ఒకరోజు "బొమ్మ కనవడ్తది గని మాట ఇనరాదు. మీరు పోండ్రి" అనేసింది. చెవి మిషన్ పెట్టిస్తే కూతపెడుతోందని తీసి బీరువాలో పడేసింది. మా అన్న హనుమకొండలో బట్టల దుకాణం నడిపినవాడు, బేరం తప్ప మరో విద్య ఎరగడు. మేడమీది స్టాకు గది ఖాళీ చేసి హోమ్ థియేటర్ పెట్టించాడు. ఆమె మళ్లీ మాట వినాలి, ఆయనకు కావలసింది అంతే.

వచ్చిన స్పీకర్లలో అన్నిటికన్నా బరువైనది సబ్‌వూఫర్, డప్పు మోతలాంటి శబ్దాలు పలికించే డబ్బా. "బరువు నైరుతిల ఉండాలె తమ్మీ" అని అన్న దాన్ని ఆ మూలకు తోయించాడు. మూలన పెడితే దాని మోత ఇంకా పెరుగుతుందని మాకేం తెలుసు! సినిమా మొదలవగానే కిటికీ అద్దాలు వణికాయి, గోడ గడియారం ఒక పక్కకు ఒరిగింది, మాటలన్నీ ఆ దబదబలో కొట్టుకుపోయాయి. వదిన కాసేపు కూర్చుని, "మా నాయిన ఇంట్ల కూసున్నట్టే ఉన్నది" అని లేచిపోయింది. అన్న ముఖం చూడలేకపోయాను.

స్పీకర్లు బిగించినాయనకు ఫోన్ చేస్తే విచిత్రమైన ఉపాయం చెప్పాడు. డబ్బాను వదిన కూర్చునే చోట పెట్టి పాట నడిపించాలట. మేము గోడల వెంట పాకుతూ వినాలట. మోత ఎక్కడ సాఫీగా వినిపిస్తే డబ్బా అక్కడికి చేరాలి. ఈ తిరగేసిన లెక్క నాకు భలే నచ్చింది. పాకుతుంటే తెలిసింది, ఒకే గదిలో ఎన్ని శబ్దాలో! ఒకచోట గుండెలమీద గుద్దినట్టు ఉంటే, జానెడు జరగగానే ఏమీ లేదు. మోకాళ్ల నొప్పులతో అన్న, వెనకాల నేను, నేలకు చెవులు ఆనించి పాకుతున్నాం. చాయ్ తెచ్చిన వదిన గుమ్మంలో ఆగిపోయింది. "ఏం పోయింది? చెప్తె నేను గూడ దేవులాడ్త గద!"

పోయింది ఏమీ లేదు, దొరికిందే చిక్కయింది. శబ్దం సాఫీగా ఉన్న చోటు ఈశాన్యం! అన్న అక్కడే చతికిలపడ్డాడు. ఈశాన్యంలో అంత బరువు పెడితే ఇంటికి కీడని ఆయన ఫికర్. అటు వాస్తు, ఇటు భార్య చెవులు. చివరికి సంగతి విని వదినే తీర్పు చెప్పింది. "గంతేనా? నైరుతిల దానికన్న ఎక్కువ బరువు పెట్టు, సరిపాయె!" అలా వంటింటి వెనక పడి ఉన్న రుబ్బురోలు నలుగురి భుజాలమీద మేడెక్కింది. పనిలో పనిగా తెర పైన ఎక్కడో ఉన్న మాటల స్పీకర్‌ను ఆమె చెవి ఎత్తుకు దించాం.

ఆ సాయంత్రం సినిమా పెట్టాం. తెరమీద ఒక తల్లి, ఇంటికొచ్చిన కొడుకును "అన్నం తిన్నావా?" అని అడిగింది. "యాడ తిన్నడు, మొకం జూడు ఎట్ల గుంజుకపోయిందో" అంది వదిన. అన్న ఆమె వైపు తిరగలేదు. తెరను చూస్తూనే కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

ఇప్పుడు చెవులు ఇంకా మందగించి, వదినకు ఆ స్పీకర్ మాటలూ అందడం లేదు. అన్న సోఫాలో తన పాత చోటు వదిలి ఆమె కుడిచెవి పక్కకు చేరాడు. తెరమీద ఏమన్నారో ఆయన చెవిలో చెబుతాడు, ఆమె జవాబు మాత్రం తెరకే ఇస్తుంది. రోలును జరపకుండా రంగు వేయమని మేస్త్రీకి చెప్పి కిందికి దిగాను. డబ్బాకు చోటు ఒక్కసారి వెతికితే సరిపోయింది, మనుషుల దగ్గర మాత్రం కాలం జరిగినప్పుడల్లా మనమూ కాస్త జరిగి కూర్చోవాలి.