చేను తడిసిన రోజు పరీక్ష

గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ పరీక్ష మా చిన్న దవాఖానాలో మంగళవారం పొద్దున పెట్టేవాళ్లం. టీచర్లు వచ్చేవారు, షాపులున్న ఇళ్ల ఆడవాళ్లు స్కూటీల మీద వచ్చేవారు. కూలికి పోయేవాళ్లు మాత్రం రారు. మీటింగులో ఎవరో ఒకరు "వాళ్లకు అవగాహన లేదు" అనేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మా అమ్మ మిరపకాయలు ఏరి నన్ను నర్సింగ్ చదివించింది. కోతల కాలంలో ఆ ఆడవాళ్లు తెల్లారకముందే ట్రాలీ ఆటో ఎక్కుతారు, పొద్దుగూకాక గానీ ఇంటికి రారు. చేలో ఉన్న మనిషి పది గంటలకు దవాఖానాలో ఎలా ఉంటుంది?

మా చిన్నమ్మది భద్రాచలం దారిలో, అడవి అంచున ఊరు. అక్కడ మిర్చి ఏరే ముఠాకు ఆమే మేస్త్రి. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక వాళ్లింటికి అన్నానికి పోతే, చెంబుడు సబ్జా నీళ్లు తాగుతూ కనిపించింది. ఎందుకని అడిగితే నవ్వింది.

"నెల మధ్యల మరక పడుతది బిడ్డా. మిర్చి వేడి. మా ముఠాల సగం మందికి గిట్లనే ఉంటది."

నెల మధ్యలో మరక ఆ క్యాన్సర్‌కు గుర్తు కావచ్చు. ఆ ఘాటులో, ఆ ఎండలో పనిచేసేవాళ్లు ఒంట్లో ఏం తేడా వచ్చినా మిరపకాయ మీదికే తోస్తారు. మా అమ్మా అంతే. ఎప్పటినుంచి అంటే, "క్రిస్మస్ కాడ్నుంచి" అంది. రేపే నాతో ఖమ్మం పెద్దాసుపత్రికి రమ్మన్నాను.

"చేను ఎర్రగ పండి ఉంటే ఎట్ల వస్త? నేను లేకుంటే ముఠా చెదిరిపోతది. కోతలు కానియ్."

బతిమాలాను, తిట్టాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

సరే, ఆమె రాకపోతే పరీక్షే ఆమె దగ్గరికి పోతుంది అనుకున్నాను. చేను తడిస్తే కాయ ఏరరు. వాన పడ్డ మర్నాడు ఆ ఊళ్లో క్యాంపు పెడదామని మా డాక్టరమ్మను అడిగాను. "వాన ఎప్పుడొస్తుందో పైవాళ్లకు ఏమని చెప్పను?" అని నవ్వింది, కానీ ఒప్పుకుంది.

కొద్ది రోజులకే అకాల వాన పడింది. కళ్లాల్లో కాయ తడిసిందని రైతులు నెత్తి కొట్టుకుంటుంటే నేను సామాను సర్దుకుంటున్నాను. సంతోషపడటం పాపమే, అయినా పడ్డాను. చర్చి పక్క గదిలో బల్ల వేసి, కిటికీలకు దుప్పట్లు కట్టాం. ముఠా అంతా వచ్చింది. చిన్నమ్మ మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"నిన్ను ఎత్తుకొని తిప్పిన. ఇప్పుడు నీ ముందర బట్టలిప్పి పండాల్నా?"

"చిన్నప్పుడు నాకు కడిగింది నువ్వేగా. నేనేమన్నా సిగ్గుపడ్డానా?"

బయట ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఆ నవ్వుల్లోనే ఆమె లోపలికి వచ్చింది. ముఖద్వారానికి మందు రాసి చూస్తే తెల్లటి మచ్చ తేలింది. ఆరోగ్యంగా ఉంటే అలా తేలదు.

"ఇది మిర్చి వేడి కాదు చిన్నమ్మా," అన్నాను.

ఆమె బల్ల దిగి చీర సర్దుకుంది. తర్వాత, "అయితే పోదాం పద," అంది.

ఖమ్మంలో ముక్క తీసి పరీక్షించారు. క్యాన్సరే, కానీ ముదరలేదు. ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేశారు. కోతలయ్యే దాకా ఆగి ఉంటే ఏమయ్యేదో నేను తలుచుకోను.

మళ్లీ మిరప కోతలొచ్చాయి. చిన్నమ్మ మళ్లీ మేస్త్రి. మా దవాఖానాలో ఇప్పుడు మంగళవారమే కాదు, ఏ రోజొచ్చినా పరీక్ష చేస్తున్నాం. మొన్న నేను వాళ్లింట్లో ఉండగా రైతు ఫోన్ చేశాడు. ఆమె స్పీకర్ పెట్టి మాట్లాడింది.

"రేపు ఏరుడు లేదయ్యా. ముఠాల కొత్తోళ్లు చేరిన్రు. అందర్ని పరీక్షకు తోల్కపోతున్న."

"నువ్వు రాకుంటే నేను వేరే ముఠాను పిలుస్త," అన్నాడతను.

"పిలువు. ఎల్లుండి వాళ్లను తోల్కపోత."