అమ్మ నుదుటి బొట్టు

ఇక్కడ మలేసియాలోనే, సుంగై పెటాని ఊళ్ళో ఫ్యాక్టరీ పనికని మోటార్‌సైకిల్ మీద వెళ్ళిన నాన్న తిరిగి రాలేదు. మనిషీ దొరకలేదు, బండీ దొరకలేదు. అప్పటికి నాకు ఆరేళ్ళు. పోలీసులు ఫైలు మూసేసినా అమ్మ కర్మకాండ చేయించలేదు, బొట్టు తీయలేదు. చుట్టాలు పేరంటాలకు పిలవడం మానేశారు. అయినా ముప్పై ఏళ్ళుగా రోజూ పొద్దున్నే కుంకుమ పెట్టుకుంటూనే ఉంది.

మొన్న ఒకడు వచ్చాడు. మాయమైన మనుషుల కథలు వీడియోల్లో చెబుతాడట. మన తెలుగువాడే కదా అని బుద్ధి లేక నేనే రమ్మన్నాను. మేమిచ్చిన టీ తాగి, లైటు సర్దుకుని, అమ్మ ముఖంలోకి పరీక్షగా చూసి, ఇక్కడి అందరిలాగే మాట చివర 'లా' తగిలిస్తూ అన్నాడు.

"పెద్దమ్మా, ఆ బొట్టు తుడిచీండి లా. ఇలాగుంటే సూసినోళ్ళకి జాలెయ్యదు."

ఛీ! మా నాన్న పోవడం వీడికి వేషం కుదరని నాటకం. గెంటేద్దామని లేచాను. ఈలోగా అమ్మ చేత్తో నుదురు కప్పుకుని నావైపు తిరిగింది.

"ఈయనకేటైనా కబురు తెలిసినాదా? మీ నాన్న శవం గానీ దొరికినాదేటి?"