భ్రమరాంబ గారు వెళ్లని కాలేజీ

భ్రమరాంబ గారు పోయి ఈ రోజుకు పందొమ్మిది రోజులు. బుధవారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు, మచిలీపట్నంలో, తమ ఇంట్లోనే కన్నుమూశారు. పత్రికలో ఆరున్నర అని వేశారు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని ఉన్నది నేను. ఆరూ నలభై. ముందు రోజు సాయంత్రం కూడా ఎంట్రన్సుకు చదివే ఇద్దరు ఆడపిల్లలకు పాఠం చెప్పిన మనిషి. డాక్టరు వచ్చి తల అడ్డంగా ఊపాక కూడా నేను ఆ చెయ్యి వదలక, నాడి కోసం అంకెలు లెక్కపెడుతూనే ఉన్నానట. నాకు గుర్తు లేదు. భ్రమరాంబ గారి మేనల్లుడు చెప్పాడు.

మేమిద్దరం బందరులో ఒకే ఆడపిల్లల బడిలో ఇరవై రెండేళ్లు పనిచేశాం. ఆమె సాంఘిక శాస్త్రం, నేను లెక్కలు. నాకంటే రెండేళ్ల నాలుగు నెలలు పెద్ద. అయినా నన్ను "వదినా" అనే పిలిచేవారు. పదవీ విరమణ తరువాత పదమూడేళ్లు, ఉపాధ్యాయ విద్య చదవదలచిన వారికి వసారాలో ఉచితంగా చదువు చెప్పి, ఏ కాలేజీలో చేరాలో దగ్గరుండి ఎంపిక చేయించారు. సంతాప సభలో "వందల మంది" అన్నారు. వందలు కాదు. నా పుస్తకంలో ఉన్న లెక్క అరవై ఏడు. బి.ఎడ్.కు నలభై తొమ్మిది మంది, ఎం.ఎడ్.కు పద్దెనిమిది మంది. పెంచి చెబితే ఆమెకు కోపం వచ్చేది.

పదకొండో రోజున జరిగిన ఆ సభలోనే పెదపారుపూడి నుంచి వచ్చిన ఒక హెడ్‌మాస్టరు, ఆమె శిష్యుడే, కళ్లు తుడుచుకుంటూ అన్నాడు: "మా మేడమ్ గారు జీవితంలో చేసిన పొరపాటు ఒక్కటేనండీ. ఆ హంసలదీవి అమ్మాయి విషయం. పాపం, అదే ఆవిడ్ని తినేసింది." అందరూ తలలూపారు. రెండో వరసలో కూర్చున్న నేను నోరు విప్పలేదు. ఆ పొరపాటు భ్రమరాంబ గారిది కాదు. అది ఎవరిదో చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. కాకపోతే, ఆమె ఎటువంటి మనిషో ముందు తెలిస్తే గాని ఆ సంగతి అర్థం కాదు.

ఆమె బోధనలో బట్టీకి చోటు లేదు. వచ్చిన ప్రతివారినీ మొదటి రోజు ఒకే ప్రశ్న అడిగేవారు: "టీచరెందుకు అవుదామనుకుంటున్నావ్?" సేవ, దేశం, గురువు అంటూ మొదలుపెడితే "అది వ్యాసంలో రాసుకో, నాకు నిజం చెప్పు" అనేవారు. పామిడిముక్కల నుంచి వచ్చిన ముప్పై ఏళ్ల రైతు ఒకాయన, "గవర్నమెంటు ఉద్యోగం కోసమండీ, పెళ్లి కుదరట్లేదు" అన్నాడు. వసారా అంతా నవ్వు. ఆమె మాత్రం నవ్వలేదు. "నిజం చెప్పావు, కూర్చో. నిజం చెప్పేవాడికి పాఠం చెప్పడం నేర్పొచ్చు" అన్నారు. ఆయన ఇప్పుడు సర్కారు బడిలో మంచి మాస్టారు. పెళ్లీ అయింది.

ఇక కాలేజీ ఎంపిక. వెబ్ ఆప్షన్లలో ఏ కాలేజీకి ఒకటో నంబరు వెయ్యాలన్నది ఆమెకు కంప్యూటరు ముందు తేలే విషయం కాదు. ఆ కాలేజీకి, ముందు చెప్పకుండా, మామూలు పనిదినాన బస్సెక్కి వెళ్లాలి. మొదటి గంట నుంచి భోజనాల వేళ దాకా అక్కడే ఉండాలి. "బిల్డింగు చూడకండి, బ్లాక్‌బోర్డు కింద సుద్దపొడి ఉందేమో చూడండి" అనేవారు. ప్రాక్టీస్ టీచింగ్‌కు పిల్లలను ఏ బడికి పంపుతున్నారో అడిగి, ఆ బడికి కూడా వెళ్లి విచారించేవారు. పిల్లలు చేరి, ఫీజు కట్టి, పరీక్షలకు మాత్రమే వచ్చే కాలేజీలు మన వైపు ఎన్ని ఉన్నాయో తెలిసినవారికి ఈ జాగ్రత్త ఎందుకో చెప్పనక్కరలేదు. మేమిద్దరం కలిసి అలా చూసిన కాలేజీలు ముప్పై ఎనిమిది. ఒక కాలేజీ ఎదురుగా ఉన్న టీ కొట్టులో ఆమె అడిగారు.

"ఏం బాబూ, కాలేజీ పిల్లలు బాగా వస్తారా?"

"పరీక్షలప్పుడు వస్తారండీ. మిగతా రోజుల్లో గేదెలొస్తాయి."

"గేదెలకి టీ అలవాటు చెయ్యలేకపోయావా?" అన్నారు. బస్సెక్కాక ఆ కాలేజీ పేరు కొట్టేశారు.

నాగమణి హంసలదీవి దగ్గర చేపలు పట్టుకునే పల్లె నుంచి వచ్చింది. ఆ పల్లెలో డిగ్రీ దాటిన మొదటి మనిషి. బి.ఎడ్. మా చేతుల మీదుగానే చదివింది. ఎం.ఎడ్. చేసి, ఉపాధ్యాయులను తయారుచేసే కాలేజీలో లెక్చరర్ కావాలన్నది ఆమె పట్టుదల. ఎందుకని అడిగితే, "మా ఊరికొచ్చిన టీచర్లందరూ వచ్చిన రోజు నుంచే ట్రాన్స్‌ఫర్ కోసం చూసేవాళ్లండీ. వాళ్లని తయారుచేసే చోట నేనుంటే, మా ఊరొకటుందని ముందే చెప్తాను కదండీ" అంది. ఆ జవాబు విని భ్రమరాంబ గారు లోపలికి వెళ్లి కాసేపటి దాకా రాలేదు.

ఇది ఏడేళ్ల కిందటి మాట. ఎంట్రన్సులో నాగమణికి మంచి ర్యాంకు వచ్చింది. రెండు కాలేజీలు మిగిలాయి. ఒకటి దూరం, మేమిద్దరం చూసి వచ్చాం, మంచిదే. రెండోది దగ్గర, ఇంకా చూడలేదు. దాని పేరు, ఊరు రాయను. ఇప్పుడక్కడ కల్యాణ మండపం ఉంది. ఆ వారం భ్రమరాంబ గారికి జ్వరం. "నేను చూసొస్తాను" అని ఒక్కదాన్నే గురువారం నాడు బయలుదేరాను.

తొమ్మిదింటి నుంచి ఒంటిగంట దాకా అక్కడే ఉన్నాను. స్టాఫ్ రూములో పద్నాలుగు మంది. రిజిస్టరులో సంతకాలు పద్నాలుగు. క్లాసులో పిల్లలు నలభై ఆరుగురు. బోర్డు కింద సుద్దపొడి ఉంది. టీ కొట్టు కిటకిటలాడుతోంది. అన్నీ రాసుకుని వచ్చి చదివి వినిపించాను. ఆమె దుప్పటి కప్పుకుని విని, "బాగుంది వదినా. ఆప్షన్లకు ఇంకా రెండు రోజులు గడువుంది కదా. రేపు జ్వరం తగ్గితే ఇంకోసారి ఇద్దరం వెళ్లొద్దాం" అన్నారు.

"నా లెక్క మీద నమ్మకం లేదా?" అన్నాను.

ఆమె నా ముఖం చూశారు. మర్నాడు నాగమణిని కూర్చోబెట్టుకుని దగ్గరి కాలేజీకి ఒకటో నంబరు వేశారు.

నాలుగు నెలల తరువాత గుడివాడలో గాజుల కొట్టుకు వెళ్లాను. గాజులు తొడుగుతున్న ఆవిడను ఎక్కడో చూశాననిపించింది. ఆ స్టాఫ్ రూములో కిటికీ పక్కన కూర్చుని నాకు లేచి నమస్కారం పెట్టిన లెక్చరర్. "మీరు కాలేజీలో చెప్పేవారు కదమ్మా?" అన్నాను.

"చెప్పడమేంటండీ, కూర్చోవడమే! ఇన్‌స్పెక్షనంట, బుధ, గురువారాలు రమ్మన్నారు. చీర మంచిది కట్టుకురమ్మన్నారు. క్లాసు నిండా పిల్లల్నీ అలాగే తెచ్చారు. భోజనం కూడా పెట్టారండీ, పప్పూ, వంకాయ కూరా" అని నవ్వింది.

నా చేతిలో గాజు పగిలింది. నా లెక్కలో ఒక్క అంకె కూడా తప్పు లేదు. అందరూ ఉన్నారు. ఎవరూ లేరు.

బందరు వచ్చి భ్రమరాంబ గారికి చెప్పాను. అప్పటికే నాగమణి అక్కడ ఖాళీ గదుల్లో నెలలు గడుపుతోంది, మా మీద గౌరవంతో నోరెత్తలేదు. సర్టిఫికెట్లు కాలేజీ వారి చేతిలో చిక్కాయి. మరుసటి ఏడు గుర్తింపు రద్దయింది. ఆ బ్యాచ్‌కు పరీక్షలే జరగలేదు. నాగమణికి సంగతి చెప్పడానికి భ్రమరాంబ గారు ఒక్కరే వెళ్లారు. "నేనే చూసొచ్చానమ్మా, మోసపోయాను" అని చెప్పి వచ్చారు.

"నేను వెళ్లానని ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చూసొచ్చింది మీరే కావచ్చు వదినా. ఒకటో నంబరు నొక్కింది నా వేలు కదా" అన్నారు.

నేను కాదనలేదు. ఏడేళ్లు ఊరుకున్నాను. ఆమె ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఇంకే కాలేజీకీ నన్ను ఒంటరిగా పంపలేదు, అంతే. అప్పటి నుంచి తెల్లవారుజామున మెలకువ రాగానే ఆ స్టాఫ్ రూము కనిపిస్తుంది. పద్నాలుగు మందీ లేచి నమస్కారం పెడతారు. ఈ పందొమ్మిది రోజులుగా అక్కడ పదిహేనో కుర్చీ ఉంటోంది. భ్రమరాంబ గారు అందులో కూర్చుని రిజిస్టరు చూస్తుంటారు. తల ఎత్తరు.

నిన్న ఆదివారం హంసలదీవి వైపు వెళ్లి, నాగమణి ఇంట్లో కూర్చుని మొత్తం చెప్పాను. ఇప్పుడు కోడూరులో ఒక చిన్న ప్రైవేటు బడిలో మూడో తరగతికి పాఠాలు చెబుతోంది. ఎం.ఎడ్. మాట మళ్లీ తలవలేదు. మధ్యలో ఆపకుండా విన్నది. తరువాత అంది:

"ప్రతి ఏడూ ఎం.ఎడ్. ఎంట్రన్సు నోటిఫికేషన్ పడిన రోజున మేడమ్ గారు ఫోన్ చేసేవారండీ. ఆరేళ్లు. ఒక్కసారీ ఎత్తలేదు నేను. మళ్లీ ఏ కాలేజీ చూసొచ్చానంటారో అనుకునేదాన్ని. మీరు ఒక్క మాట ముందు చెప్పుంటే ఎత్తేదాన్ని కదండీ."

ఆరు ఫోన్లు. అదీ లెక్కపెట్టుకున్నాను.

"అస్థికలు ఎక్కడ కలిపారు?" అంది.

"ఇక్కడే. మీ సంగమంలో. మూడో రోజు, శుక్రవారం, తొమ్మిదీ ఇరవైకి. ఆవిడ కోరిక."

"ఆ శుక్రవారం నేను స్కూటీ మీద బడికి వెళ్తుంటే తెల్ల కారొకటి ఎదురొచ్చింది. దుమ్ము లేపుకుంటూ పోయింది. కళ్లు కనపడవా అని తిట్టాను." ఆగి, "అదేనా?" అంది.

అదే. ఆ కారులో వెనక సీట్లో నేనున్నాను.

నన్ను క్షమించానని నాగమణి అనలేదు. నేను అడగలేదు. తన ఫోన్ తీసి చూపించింది. భ్రమరాంబ గారి నంబరు "ఎత్తొద్దు" అనే పేరుతో ఉంది. అది చెరిపి, "మేడమ్ గారు" అని రాసుకుంది. ఇక ఎన్నటికీ మోగని ఆ నంబరును కాసేపు అలాగే చూస్తూ కూర్చుంది.

తన తప్పు కానిదాన్ని ఏడేళ్లు తన పేరు మీద మోసిన మనిషికి నివాళి రాసే అర్హత నాకు ఎంత ఉందో తెలియదు. అటువంటి మనిషి మాకు మళ్లీ దొరకదన్నది మాత్రం తెలుసు. ఆమెను ఎరిగిన వారందరినీ చేతులు జోడించి ఒక్కటే అడుగుతున్నాను. ఆమె జీవితంలో ఒకే ఒక పొరపాటు ఉందని ఇకమీదట ఎక్కడా అనకండి. అది నాది. నాకు ఇచ్చేయండి.