అత్త వండిన వరిబువ్వ

మొన్న మదనపల్లెలో మా ఇంట్లో టీవీ పెట్టుకుని కూర్చుంటే, ఏదో దేశంలో పెద్దలంతా చేరి, తిండి మనిషి హక్కని, ప్రపంచంలో పేదరికం పోవాలంటే సాయం చేసే సంస్థలే ముందు మారాలని మాట్లాడుతున్నారు. మంచి మాటలే. నాకు మాత్రం పుంగనూరు అవతల పల్లెలో ఉండిన మా మేనత్త గుర్తొచ్చి, మనసు పాడై, టీవీ కట్టేశాను.

మన వయసు వాళ్లకు మన కుర్రతనంలో వచ్చిన ఆ కరువు గురించి చెప్పనక్కర్లేదు. వేరుశనగ ఎండిపోయి, గొర్రెలను సంతకు తోలి, జనం బెంగళూరు బస్సెక్కుతున్న రోజులవి. ఇంగ్లీషు కాస్త వచ్చునని పుంగనూరులో ఒక సేవాసంస్థ వాళ్లు నాకు ఉద్యోగమిచ్చారు. విదేశాల నుంచి వచ్చే దొరల వెంట జీపులో తిరిగి, వాళ్ల మాట ఊళ్లవాళ్లకు, ఊళ్లవాళ్ల మాట వాళ్లకు చెప్పడమే నా పని. దొరలు ఇల్లిల్లూ చూసి, నిజంగా లేనివాళ్లని తేలితే పాడి ఆవును ఇచ్చేవారు. మామ పోయి, ఒక్క కూతురితో మిగిలిన అత్తకు ఆ ఆవు వస్తే ఊళ్లో నిలవగలదు, లేకుంటే కూలికి వలస పోవలసిందే.

దొరలు వస్తారని తెలిసి అత్త ఏం చేసిందనుకున్నారు? మన వైపు ఎవరైనా చేసేదే చేసింది. గోడలకు సున్నం కొట్టి, పక్కింటి జంపఖానా, ఎదురింటి స్టీలు పళ్లేలు తెచ్చి, పండగకని దాచుకున్న బియ్యం వండి, అరువు నెయ్యి వేసి వడ్డించింది. నేను వంటింట్లోకి వెళ్లి ఇదేం పని అని గొణిగితే, "దేశం గాని దేశం నుంచి వచ్చుండారు, రాగిసంగటి పెట్టి పంపిస్తే బాగుంటాదా అప్పా?" అని నన్నే కసిరింది.

దొరలు కడుపునిండా తిని, ఆమెకు దణ్ణం పెట్టి, జీపెక్కగానే ఆ ఇంటికి కొరత లేదని తేల్చేశారు. అవన్నీ అడిగి తెచ్చినవని, మా మర్యాదే అంతని నోరు నొప్పెట్టేలా చెప్పాను. కంటికి కనిపించిందే లెక్కట, పైవాళ్ల నియమమట. ఆ పైవాళ్లెవరో, వాళ్లను నిలదీసే దారేదో నాకిప్పటికీ తెలియదు. ఆవు వేరే ఇంటికి పోయింది. అత్త బిడ్డను వెంటబెట్టుకుని కుప్పం దగ్గర క్వారీలో రాళ్ల పనికి చేరి, కొన్నేళ్లకు ఆ దుమ్ముతోనే దగ్గి దగ్గి పోయింది. వచ్చిన దొరలు చెడ్డవాళ్లని అనను గాని, నా కోపం ఇంకా చల్లారలేదు.

ఆ బిడ్డ, నా మరదలు, ఇప్పుడు రామకుప్పం దగ్గర ఉంటోంది. ఏనుగులు రాగి చేను తొక్కేశాయంటే పోయిన నెల చూడబోయాను. సాయానికి ఎవరు అర్హులో చూసేవాళ్లు అప్పటికే ట్యాబులు పట్టుకుని వచ్చి వెళ్లారట. వాళ్లు వస్తున్నారని తెలిసి మరదలు మంచం, మిక్సీ, గిన్నెలు అన్నీ పక్కింట్లో పెట్టేసి, బోసి ఇంట్లో దిగాలుగా కూర్చుందట. సాయం ఖాయమైంది. "మా యమ్మ మాదిరి సేస్తే ఏమొస్తాది బావా?" అంది. ఆమెను నేను తప్పుపట్టను; న్యాయంగా రావలసిన దానికి కూడా మనవాళ్లు ఇంత నటించవలసి వస్తోందే అని దిగులేసింది.

అంత ఎండన పడి వచ్చారు గదా, తాగడానికి నీళ్లయినా ఇచ్చావా అని అడిగాను. చెంబు కూడా పక్కింట్లోనే ఉండిందంది.