తొమ్మిది బంతులు, ఎనిమిది ఫోన్లు

మా ఆడపడుచును మా ఆయన గిలక్కాయ అని పిలిచేవారు. నోరు మూతపడేది కాదు, అందుకని. ఆయన పోయి ఎనిమిది నెలలు దాటింది. ఆ పేరుతో ఆమెను ఇప్పుడు పిలిచేవాళ్లు లేరు. నేను పిలవొచ్చు, కానీ మనసు ఒప్పలేదు. దాచుకోవడం దేనికి, ఆమెను చూస్తే నాకు కుళ్లు.

ఆయన గోల్ఫ్ నేర్పేవారు. మైదానంలో కాదు, దుకాణాల భవనం మూడో అంతస్తులో ఒక గదిలో. గది చివర గోడకు తెల్లగుడ్డ బిగించి ఉంటుంది, దాని మీద మైదానం బొమ్మ పడుతుంది. ఆకుపచ్చ చాప మీద బంతి పెట్టి కర్రతో కొడితే అది గుడ్డకు తగిలి దబ్బున కిందపడుతుంది. బొమ్మలో మాత్రం ఎగిరి ఎక్కడికో పోతుంది. ఎంత దూరం పోయిందో, ఎటు తిరిగిందో పక్కనున్న చిన్న తెర మీద అంకెలు పడతాయి. పద్దెనిమిదేళ్ల కాపురంలో నేను ఆ గదికి వెళ్లింది ఒక్కసారి. ఆడపడుచు రోజూ వెళ్లేది. బంతులు ఏరడం, చాపలు దులపడం, వచ్చినవాళ్ల పేర్లు రాసుకోవడం ఆమె పని. ఖాళీ దొరికితే అన్న పక్కన నిలబడి కొట్టేది.

ఆయన పోయాక గది తాళం తిరిగి ఇవ్వడానికి వెళ్లాను. అది రెండోసారి. ఆమె నన్ను చెయ్యి పట్టుకుని తెర ముందుకు లాక్కెళ్లింది.

"ఇదిగో వదినా, అన్నయ్య ఆఖరి రోజు కొట్టిన బంతులు. అన్నీ ఉన్నాయి చూడు. రోజూ పొద్దున రాగానే ఇవి చూసుకుని గానీ పని మొదలెట్టను."

తెల్లటి సన్నగీతలు, ఒక్కో బంతికి ఒక్కో గీత. నాకు వాటిలో ఏమీ అర్థం కాలేదు. ఆమె మాత్రం పుస్తకం చదివినట్టు చదువుతోంది. ఆయన చేతి తొడుగు ఆమె చేతికి అతికినట్టు సరిపోయింది. నా వంతుకు అలమారా నిండా చొక్కాలు మిగిలాయి.

పోయిన నెల యజమాని ఆమెతో ఒక మాట అన్నాడట. "మీ అన్న చేసినట్టు గంటసేపు సాధన చేసి చూపించు. నచ్చితే ఆ పని నీకే. లేకపోతే బయటినుంచి ఎవరినైనా తెచ్చుకుంటాను." ఇక చూడండి, సాయంత్రం అయ్యేసరికి మా వంటింట్లో ప్రత్యక్షం. నా గరిటె లాక్కుని గాలిలో ఊపుతూ పాఠం చెప్పేది.

"మొదటి పావుగంట పొట్టి కర్ర వదినా. కాళ్లు దగ్గర పెట్టి సగం ఊపు. అప్పుడు అంకెలు అస్సలు చూడకూడదు. అందుకే అన్నయ్య తెర మీద తువ్వాలు కప్పేవాడు. తర్వాత అరగంట ఒకటే కర్ర, ఒకటే గురి. ఎంత దూరం పోయిందో ముందు నోటితో చెప్పాలి, అప్పుడే తువ్వాలెత్తి చూడాలి. చివర్లో తొమ్మిది బంతులు. ప్రతి బంతికీ కర్ర మారాలి, గురి మారాలి. తప్పినా రెండోసారి లేదు."

ఆ తువ్వాలు వారం వారం ఉతికింది నేనే. దేనికి తీసుకెళ్తున్నారని ఒక్కనాడూ అడగలేదు. ఇప్పుడు ఈమె నోట వినాల్సి వచ్చింది.

"గరిటె అక్కడ పెట్టు. కూర మాడితే నీ అంకెలు తింటావా?" అన్నాను.

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పరీక్షకు నాలుగు రోజులుందనగా ముఖం వేలాడేసుకుని వచ్చింది. ముందు ముప్పావుగంటా బాగానే కొడుతోందట. చివరి తొమ్మిదికి వచ్చేసరికి ఒకటి తప్పుతోంది, ఆ కోపంతో వెంటనే ఇంకోటి, అదీ తప్పు.

"అన్నయ్య తన సాధన వరస రాసుకున్న కాగితంలో, ఆ తొమ్మిదింటి మధ్యలో 'నడక' అని రాసుకున్నాడు వదినా. ఆ గదిలో ఎక్కడ నడుస్తాం? ప్రతి బంతి తర్వాత మెట్ల దగ్గరికి వెళ్లేవాడు. సిగరెట్టుకేమో అనుకుని నీకు తెలియకుండా దాచాను కూడా!"

నాకు తెలుసు. ఆయన మెట్ల దగ్గరికి వెళ్లేది నాకు ఫోను చెయ్యడానికి. రోజూ నాలుగింటికి కాస్త ముందు మొదలయ్యేది. "ఏం చేస్తున్నావ్?" "చేసేదేముంది, గిన్నెలు తోముతున్నాను." "సరే." అంతే, పెట్టేసేవారు. రెండు నిమిషాలకు మళ్లీ. పిచ్చా మీకు అని ఒకరోజు కసిరాను. "నిజం మైదానంలో కొట్టాక బంతి దాకా నడవాలి. ఆ నడకలో కోపం దిగిపోతుంది. ఇక్కడ నడిచే చోటేది? అందుకే నీ దాకా వచ్చి పోతున్నాను" అన్నారు. ఆఖరి రోజు మూడో ఫోనుకే విసుగొచ్చి, ఫోను మంచం మీద పడేసి వంటింట్లోకి వచ్చేశాను.

"నాకేం తెలుసు?" అన్నాను ఆడపడుచుతో.

కర్ర ఆమెదే, తొడుగు ఆమెదే, ఆ గీతలూ ఆమెవే. ఈ ఒక్కటీ నాది. ఇదీ ఇచ్చేస్తే నాకింక మిగిలేదేముంది? మూడు రోజులు నోరు విప్పలేదు. ఆమె రావడం, కాసేపు కూర్చోవడం, వెళ్లిపోవడం. మూడోరోజు గరిటె కూడా ముట్టుకోలేదు. గిలక్కాయ అంతసేపు మాట్లాడకుండా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

పరీక్ష రోజు పొద్దున ఒకసారి వచ్చి, వెళ్తూ ఆమె గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే చెప్పేశాను. అంతా చెప్పాను, మంచం మీద ఫోను సంగతి తప్ప. ఆమె ఒక చెప్పు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మరి నేనెవరికి చెయ్యను వదినా?"

"నా నంబరు నీ దగ్గర లేదా?" అన్నాను. కటువుగానే అన్నాను.

మధ్యాహ్నం చొక్కాలన్నీ మంచం మీద వేసుకుని మడతపెడుతూ కూర్చున్నాను. నాలుగింటికి కాస్త ముందు ఫోను మోగింది.

"ఏం చేస్తున్నావ్ వదినా?"

"చేసేదేముంది. బట్టలు మడతపెడుతున్నాను."

"సరే." పెట్టేసింది.

రెండోది, మూడోది. నాలుగోదానికి ఆ ప్రశ్న అడగలేదు. "ఎడమకి పోయింది వదినా" అంది. "పోతే పోయింది. చొక్కాలకి గుండీలు ఊడాయి, సాయంత్రం వచ్చి కుట్టిపెట్టు" అన్నాను. అటువైపు చిన్నగా నవ్వు వినిపించింది. అయిదోది కాస్త ఆలస్యమైతే ఫోను చేత్తో పట్టుకుని లేచి నిలబడ్డాను. ఎనిమిదోదీ వచ్చింది. తొమ్మిది బంతుల మధ్య నడకలు ఎనిమిదే. తొమ్మిదో బంతి తర్వాత ఆయనెప్పుడూ ఫోను చెయ్యలేదు, ఇంటికి వచ్చేసేవారు.

ఫోను పక్కన పెట్టి చొక్కా అందుకున్నాను. మళ్లీ మోగింది.

"వదినా! సరేనన్నాడు! రేపటినుంచే రమ్మన్నాడు!"

ఇది ఆయన నుంచి వచ్చింది కాదు. ఈ ఒక్క ఫోనూ పూర్తిగా ఆమెదే. కుళ్లు ఉందా అంటే, ఉంది.

"తువ్వాలు తీసుకురా, ఉతకాలి. తొందరగా రావే గిలక్కాయ్" అన్నాను.