మా గేటు నుంచి ఎమ్మెల్యే ఆఫీసు దాకా

ఆదివారం పొద్దున్న ఏడున్నరకు ఇంటి నుంచి బయలుదేరాను. నిజానికి దూకాను. మా గేటు ముందు మ్యాన్‌హోల్ పొంగి రెండు నెలలుగా మురుగునీరు నిలిచి ఉంది. అందులో ఇటుకలు వేసుకుని, వాటి మీదుగా రోడ్డెక్కుతున్నాం. నాకైతే అలవాటైపోయింది. కానీ బుధవారం మా అమ్మాయి స్వప్న పసిబిడ్డతో దవాఖాన నుంచి ఇంటికి వస్తోంది. ఆపరేషన్ అయిన పిల్ల, బిడ్డనెత్తుకుని ఇటుకల మీద ఎలా నడుస్తుంది? అందుకే చైతన్యపురిలో ఉన్న ఎమ్మెల్యే ఆఫీసుకు వెళ్ళాలని నిర్ణయించుకున్నాను.

ఇష్టమై కాదు. రెండేళ్ళ క్రితం వీధిదీపం కోసం అక్కడికి వెళ్ళినప్పుడు బెంచీ మీద ఉన్నవాళ్ళందరికీ చాయ్ ఇచ్చారు. నా దగ్గరికి వచ్చేసరికి ట్రే ఖాళీ. "ఇంకో ట్రే వస్తది సార్" అన్నారు. వారంలోపే దీపం వచ్చింది. చాయ్ మాత్రం ఇప్పటికీ రాలేదు.

మా కాలనీ ఎల్బీనగర్ దాటాక సాగర్ రోడ్డు వైపు ఉంటుంది. మెయిన్ రోడ్డు మీదికి వచ్చేసరికి మున్సిపాలిటీ వాళ్ళు రోడ్డు అంచున బ్లీచింగ్ పౌడర్‌తో తెల్లగా గీత గీసుకుంటూ వస్తున్నారు. నేను అడిగినప్పుడు చిటికెడు కూడా లేదన్న పౌడర్ ఇదే.

"మా గల్లీ మీకు కనపడదా అమ్మా?" అన్నాను, గీస్తున్న ఆమెతో.

"ఆడికే వస్తున్నం సార్."

ఈ మాట ఇంతకుముందు చాలాసార్లు విన్నాను. పట్టించుకోకుండా షేర్ ఆటో ఎక్కాను. వెనక ముగ్గురి చోట నలుగురున్నారు. డ్రైవర్ తన పక్కన నాకు సగం సీటు ఇచ్చాడు.

"పొద్దుగాల్నే యాడికి సార్?"

"ఎమ్మెల్యే దగ్గరికి."

"పెండ్లి కార్డు ఇస్తందుకా?"

"మోరీ పొంగింది, దాని గురించి."

"అయితే పొద్దుమీకి దాక పడ్తది. వచ్చేటప్పుడు నా ఆటోల్నే రా సార్, నేనీడనే తిరుగుతుంట."

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కాను. ఆదివారం పొద్దున్న కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. చైతన్యపురి రెండో స్టేషన్ కాబట్టి కునుకు తీయకండి. కింద ఇడ్లీ బండి చుట్టూ కోచింగ్ పిల్లలు పుస్తకం ఒక చేత్తో, ప్లేటు ఒక చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. అల్లం చట్నీ బాగుంది. రెండోసారి వేయమంటే బండాయన వినపడనట్టు ఉండిపోయాడు. ఆయన ముఖం నాకు గుర్తుంది.

ఎనిమిదిన్నరకు ఆఫీసు చేరాను. గేటు తీసే ఉంది కానీ జనం లేరు. ఆఫీసు చూసుకునే యాదగిరి ఉన్నాడు. బెంచీ మీద గుంటూరు వైపు మాటతీరున్న ఒకావిడ కూర్చుని ఉంది. భర్త ఆస్పత్రి ఖర్చుల సాయం కోసం ఎమ్మెల్యే మేడం సంతకం చేసిపెట్టిన కాగితం తీసుకోవడానికి వచ్చిందట.

"ఆదివారం వచ్చారేంటండీ?" అందామె. "ఆవిడ ఆదివారాలు కాలనీలు తిరుగుతారుగా."

యాదగిరి అందుకున్నాడు. "మిగతా రోజులల్ల ఈడ కూసుంటది సార్. ఆదివారం పొద్దుగాల ఒక కాలనీ నడుస్తది. ఇంజనీర్లు, మోరీలోల్లు అందరు ఎంబడే ఉంటరు. యే కాలనీనో ముందుగాలనే మీ కాలనీ వాట్సాప్ గ్రూపుల పెడ్తరు గద."

ఆ గ్రూపులో నేను లేను. నేను పెట్టిన మురుగు ఫొటో కింద మా కాలనీ ప్రెసిడెంటు గులాబీపువ్వుతో శుభోదయం పెట్టాడు. ఆ రోజే బయటికి వచ్చేశాను.

అంతలో లోపలి నుంచి చాయ్ ట్రే వచ్చింది. ఈసారి మొదట నా వైపే. చెయ్యి చాపాను. ఫోన్ మోగింది. మా ఆవిడ అనసూయ.

"ఏడున్నవ్?"

"ఎమ్మెల్యే ఆఫీసుల."

"ఆమె మన గేటు కాడున్నది."

"పోనియ్యకు."

"చాయ్ ఇచ్చిన. మస్తు వేడిగున్నది, ఊదుకుంట తాగుతున్నది. జల్ది రా."

కప్పు ముట్టుకోకుండానే పరుగెత్తాను. రైలులో మూడు నిమిషాలు కూడా కూర్చోలేకపోయాను. ఎల్బీనగర్‌లో మళ్ళీ అదే ఆటో దొరికింది. "అప్పుడే అయిపాయెనా?" అన్నాడు డ్రైవర్. "మన గల్లీలకే వచ్చింది, ఉరికియ్యి" అన్నాను. ఆపకుండా పోనిచ్చాడు. మధ్యలో చెయ్యెత్తిన ఇద్దరిని వదిలేశాడు కూడా. ఈ మంచితనమూ నాకు గుర్తుంటుంది.

మా గల్లీ మొదటి నుంచి చివరిదాకా తెల్లటి గీత. మా గేటు ముందు జనం. నీళ్ళ మధ్య, నేను వేసిన ఇటుక మీద, చాయ్ కప్పుతో నిలబడి ఉంది ఎమ్మెల్యే మేడం.

"నా కోసం నా ఆఫీసుకు పోయింది నువ్వేనా అన్నా?"

అందరూ నవ్వారు. ప్రెసిడెంటు కాస్త ఎక్కువ నవ్వాడు.

నేను దారంతా మనసులో కూర్చుకున్నది మొదలుపెట్టబోయాను. "అక్క అంత చెప్పింది" అంది మేడం. "బుధవారం పాప వస్తదంట గద." పక్కనున్న ఇంజనీరు "రేపు మెషిన్ పంపిస్తం మేడం" అన్నాడు. "రేపెందుకు? ఇప్పుడే పిలువు. బండి వచ్చేదాక నేనీ ఇటుక మీదకెళ్ళి దిగ." ఇంజనీరు ఫోన్ తీశాడు. బండి రావడానికి అరగంట పట్టింది. అంతసేపూ ఆమె అక్కడే నిలబడి మిగతా గల్లీల వాళ్ళ గోడు వింది. మెషిన్ పెట్టి లాగితే పైపు లోపల నుంచి చీరముక్కలు, సిమెంటు గడ్డలు వచ్చాయి. నీళ్ళు బుడబుడమంటూ దిగిపోయాయి.

"ఇంకేమన్న ఉన్నదా అన్నా?"

ఉంది. "రెండేండ్ల కింద మీ ఆఫీసుల అందరికి చాయ్ ఇచ్చిన్రు. నాకియ్యలే."

మేడం గట్టిగా నవ్వింది. "తప్పే. ఇప్పుడు నా ముంగట్నే తాగాలె. అక్కా, అన్నకో చాయ్."

అనసూయ గుమ్మంలోంచి తొంగిచూసింది. "పాలు అయిపోయినయ్ మేడం. మీ ఎంబడి గింత మంది వస్తరని నాకేమెరుక?"

బుధవారం మధ్యాహ్నం దవాఖాన నుంచి ఇంటికి తిరుగు ప్రయాణం. అదే ఆటో మాట్లాడాను, ఈసారి వెనక సీటంతా స్వప్నకూ బిడ్డకూ. దిల్‌సుఖ్‌నగర్ రద్దీలో కూడా పాప కన్ను తెరవలేదు. ఆటో మా గేటుకు ఆనుకుని ఆగింది. స్వప్న పొడినేల మీద కాలు పెట్టి, ఇటుకలు ఏవని అడిగింది. గోడవార పేర్చి ఉంచానని చూపించాను. ఇంత దగ్గరి ప్రయాణంలో ఇంత మంచి మజిలీ నాకెప్పుడూ తగల్లేదు. ఆ ఆఫీసుకు వెళ్ళదలచినవాళ్ళు ఆదివారం తప్ప ఏ రోజైనా వెళ్ళండి. బెంచీ మీద మాత్రం ట్రే వచ్చే తలుపు దగ్గరే కూర్చోండి.